రంగు కింది మొహం

నేను వేసిన పుండు మీద ఈగలు వాలేవి. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట. ఒకసారి నాటకంలో బిచ్చగాడి కాలికి చిన్న పుండు పెడితే, ఆట అయ్యాక ముందువరసలో కూర్చున్న మందులకొట్టాయన తెర వెనక్కి వచ్చి, వాడి చేతిలో పూతమందు పెట్టి, కాలు తడవనివ్వకు నాయనా అని చెప్పి వెళ్లాడు. జ్వరం, కామెర్లు, విషం తాగిన మొహం, నా పెట్టెలో లేని జబ్బు లేదు. ఇక చావు మొహం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ చేత్తో రంగు వేశానంటే ఆ మొహానికీ, అసలు చావుకి దగ్గరపడ్డవాడి మొహానికీ తేడా చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదని పందెం కాసేవాణ్ణి.

ఆ మనిషి పుట్టిందనీ, పెరిగి నర్సు అయిందనీ, మా నాటకశాల పక్కవీధిలోనే పనిచేస్తోందనీ నాకప్పటికి తెలియదు.

నా రంగులకి గోడ మా బావ. అంటే మా అక్క మొగుడు. మా నాటకాల కంపెనీలో ఆయనది తండ్రి వేషం. మూడో అంకంలో కొడుకులు ఇంటి మధ్య గోడ కడతామనగానే తండ్రి గుండెపోటుతో పోవాలి. పోవడమంటే మామూలుగా పోవడం కాదు. ఎడమచేత్తో గుండె గుప్పిట పట్టి, కుడిచెయ్యి గాల్లోకి చాచి, గిర్రున మూడు చుట్లు తిరిగి, బల్ల మీది గుడ్డ లాగి, దాని మీది గ్లాసులన్నీ దొర్లించి, మోకాళ్ల మీద కూలబడి, అక్కణ్ణించి పేజీన్నర మాట్లాడి అప్పుడు పోయేవాడు. చచ్చేవాడు అంతసేపు మాట్లాడితే వినేవాడు ముందు చస్తాడని మా అక్క అనేది. కంపెనీలో కుట్టుపని ఆవిడదే. ప్రతి ఆట తర్వాతా ఆ పంట్లాం మోకాళ్లకి అతుకులు వేసేది తనే కాబట్టి అనే హక్కుంది. ఊళ్లో మాత్రం చిన్నా పెద్దా ఆయన్ని గుండెపోటాయన అనే పిలిచేవారు. బావ దాన్ని బిరుదులా భుజాన వేసుకుని తిరిగేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆట. రెండో అంకం అయ్యాక బావని అద్దం ముందు కూర్చోబెట్టి చావుకి సిద్ధం చేస్తున్నాను. తెల్లరంగులో చిటికెడు పసుపు, అందులో సగం ఆకుపచ్చ, కళ్ల కింద మసి, పెదాలకి నీలం. చెమటలాగా మెరవడానికి నుదుటి మీద గ్లిసరిన్ చుక్కలు. కళ్లు మూసుకుని చేసే పని. ఆ రోజు మాత్రం రంగు నిలబడలేదు. అద్దుతున్నకొద్దీ జారుతోంది. పౌడరు కొట్టాను. మళ్లీ జారింది. ఇంకా దట్టంగా కొట్టాను. పౌడరు కాస్తా పిండి కలిపినట్టు ముద్దయి చెంప మీద నుంచి దిగింది. నాసిరకం సరుకు అంటగట్టాడని రంగులు అమ్మినవాణ్ణి వాడి తాతలదాకా తిట్టుకున్నాను.

బావ కింది పన్ను సలుపుతోందన్నాడు. ఏ పన్ను అంటే చూపించలేకపోయాడు, దవడంతా నిమిరాడు. రెండుసార్లు త్రేన్చాడు. పొద్దున తిన్నది అరగలేదని నేను తేల్చేసి సోడా పట్టించాను.

అప్పుడే అక్క చొక్కా చేతికి ఊడిన కుట్టు వెయ్యడానికి సూదితో వచ్చింది. ఒంటి మీదే కుడుతోంటే సూది కాస్త కండలో దిగింది. మామూలుగా అయితే ఆ పోటుకి మూడో అంకం అక్కడే అయిపోవాలి. బావ కదల్లేదు. గుచ్చుకుందా అని అక్క అడిగింది. పరవాలేదు అన్నాడు.

కాపురానికి వచ్చాక అక్క ఆ మాట ఆయన నోటి నుంచి విన్నది అదే మొదలు. అక్క దారం పంటితో కొరికి, సూది గుండీపట్టీలో గుచ్చుకుని ఆయన మొహంలోకి చూసింది.

"లేవండి. ఆసుపత్రికి పోదాం."

"పన్నుకా?"

"పన్నుకే. లేవండి."

కంపెనీ యజమాని గుమ్మానికి అడ్డం పడ్డాడు. బయట హాలు నిండుగా ఉంది. చివరికి విరామం కాస్త సాగదీస్తాననీ, వేషం మాత్రం తీయొద్దనీ, పన్ను పీకించుకుని అటే వచ్చెయ్యమనీ ఒప్పుకున్నాడు. చచ్చే సీనుకి పన్ను లేకపోయినా పరవాలేదట.

అలా మేము ముగ్గురం బయల్దేరాం. ఎండలో నడిబజారున చావు మొహంతో బావ, సూదిదారంతో అక్క, రంగులపెట్టెతో నేను. దారిలో జారిపోతే దిద్దాలి కదా.

ఆసుపత్రిలో పళ్ల డాక్టరు మధ్యాహ్నం ఉండరని, అత్యవసర విభాగంలో కూర్చోమని గేటు దగ్గరివాడు చెప్పాడు. ఆ హాల్లో బల్లల నిండా జనం. చెయ్యి విరిగినవాడు, కంట్లో నలుసు పడ్డావిడ, దగ్గుతున్న తాత. బావ గుమ్మంలో అడుగు పెట్టగానే మూలుగులన్నీ ఆగిపోయాయి. అంతటి రోగిని వాళ్లెవరూ చూసి ఉండరు. కంట్లో నలుసు పడ్డావిడ లేచి చోటు ఇచ్చింది. ఇంతలో చెయ్యి విరిగినవాడు గుర్తుపట్టేశాడు.

"అరె, మన గుండెపోటాయన. సార్, మా నొప్పులు మర్చిపోతాం, ఒక్కసారి చేసి చూపించండి."

ఎవరడిగినా కాదనకూడదని బావ నియమం. పైగా పన్నునొప్పికి వచ్చినవాడికి అక్కడ అంతకంటే పనేముంది. లేచి నిలబడ్డాడు. ఎడమచేత్తో గుండె పట్టాడు. కుడిచెయ్యి చాచాడు. మూడు చుట్లు తిరగాల్సినవాడు ఒకటిన్నరతోనే ఆపి బల్ల మీద కూలబడ్డాడు. అయినా హాలంతా చప్పట్లు. తాత దగ్గు మానేసి మరీ కొట్టాడు.

పెద్ద నర్సమ్మ అప్పుడే చేతులు కడుక్కుని మోచేతుల దాకా తడితో లోపలి గదిలోంచి వచ్చింది. పొట్టి మనిషి. నెమ్మదైన నడక. గోల చేస్తున్నదెవరో చూడ్డానికి వచ్చి, ఆట మొత్తం చూసింది. చప్పట్లు కొట్టలేదు, కసరలేదు కూడా. జనం చప్పట్లయ్యాక తలలు తిప్పుకుని ఎవరి నొప్పిలోకి వాళ్లు వెళ్లిపోయారు. ఆవిడ తల తిప్పుకోలేదు. ఆట అయిపోయాక బావ చెయ్యి గుండె మీద నుంచి జారి దవడ మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది. ఆవిడ చూసింది ఆ చెయ్యిని.

"ఈయన్ని లోపలికి తీసుకురండి," అంది. "నడిపించకండి. కుర్చీ ఉంది, అందులో."

లోపల మంచం మీద వెన్ను ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టింది. ఒక చేత్తో మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో వేలికి క్లిప్పు తగిలించి, అవతలి నర్సుకి గుండె పటం తీసే యంత్రం తెమ్మని కళ్లతోనే చెప్పింది. అన్నీ ఒకేసారి చేస్తోంది గాని ఏదీ తొందరగా చేస్తున్నట్టు లేదు. నొప్పి ఎప్పుడు మొదలైంది, అప్పుడేం చేస్తున్నారు, ఎక్కడ పుట్టి ఎక్కడికి పాకుతోంది, పొడుస్తోందా, మండుతోందా, బరువుగా ఉందా అని అడుగుతోంది. పొద్దుటి నుంచి వస్తూ పోతూ ఉందని, రెండో అంకం నించి పోవడం మానేసిందని, ఎడమ చిటికెన వేలు కూడా కాస్త మొద్దుబారిందని, దానికీ పంటికీ సంబంధం ఏమిటో పళ్ల డాక్టరే చెప్పాలని బావ అన్నాడు. షుగరుందా అంటే లేదన్నాడు. ఉంది అని అక్క అంది.

ఇదివరకు ఎప్పుడైనా గుండెపోటు వచ్చిందా అని అడిగింది.

"వారానికి మూడుసార్లు," అన్నాడు బావ. "సెలవు రోజుల్లో రెండాటలు."

ఏ మందైనా పడదా అని అడిగింది. మందులన్నీ పడతాయనీ, కంపెనీ యజమానే పడడనీ చెప్పాడు. ఆవిడ పెదవి కాస్త కదిలింది గాని కళ్లు మొహం మీద నుంచి కదల్లేదు. చూస్తోంది గాని నా రంగు తప్ప ఏమీ కనబడడం లేదు. దూది తడిపి నుదుటి మీది చుక్కలు ముట్టుకుంది.

"ఈ చెమట మీరు పెట్టిందా?" అని నన్ను అడిగింది.

నేనేనని కాస్త ఛాతీ విరిచే చెప్పాను. గ్లిసరిన్ ఎంత, నీళ్లెంత అన్న రహస్యం కూడా చెప్పబోయాను. ఆవిడ దూదితో నుదురంతా శుభ్రంగా తుడిచేసింది. ఆ తుడిచిన చోటే, మా ముగ్గురి కళ్ల ముందే, చుక్కలు మళ్లీ పుట్టుకొచ్చాయి. సన్నగా, వరసగా, చల్లని కుండ మీద పట్టినట్టు.

"ఇవీ మీరే పెట్టారా?"

నేను పెట్టె మూసేశాను.

ఇలాంటి రంగు నా సర్వీసులో చూడలేదని మెచ్చుకుంటూనే ఆవిడ చెంపలు తుడిచింది. తెల్లరంగు పోయింది, మసి పోయింది, నీలం పోయింది. కింద నుంచి మా బావ అసలు మొహం వచ్చింది. నేను కళాకారుణ్ణి కాబట్టి ఒప్పుకుంటాను, ఆ రంగు నా డబ్బాల్లో లేదు. తడిసిన బూడిదలాగా ఉంది. దాని ముందు నేను వేసిన చావు పెళ్లికొడుకు మొహం. చచ్చేవాడి బొమ్మ వేసి అసలువాణ్ణి దాని వెనక దాచిపెట్టానన్నమాట. ఆవిడ ఇంకా నమ్మకం లేనట్టు ఆయన చేతివేళ్లు పైకెత్తి గోళ్లు చూసింది. గోళ్లకి నేను ఎప్పుడూ రంగు వెయ్యను, వెనకవరసకి కనబడవు కదా. అవీ అదే రంగులో ఉన్నాయి.

"బాబాయిగారూ," అంది. "నొప్పి లేకపోతే సున్నా, ఇంతకంటే భరించలేననుకుంటే పది. ఇప్పుడెంతుంది?"

బావ ఊపిరి అందక కాసేపు ఆగాడు. అయినా వృత్తి వృత్తే.

"వెనకవరస దాకా వినబడాలంటే పది. ముందువరసకైతే..."

ఆవిడ వంగి, చెవి ఆయన నోటికి దగ్గరగా పెట్టింది.

"వరసలు లేవిక్కడ. నాకొక్కదానికే చెప్పండి."

మా బావ గొంతు చిన్నదవడం నేను అప్పుడే విన్నాను. కంపెనీలో చేరినప్పటి నుంచీ ఆ గొంతుకి చిన్నదనేది తెలియదు.

"ఎనిమిది తల్లీ," అన్నాడు. "భయంగా ఉంది."

తర్వాత పనులు వాటంతటవి జరిగినట్టు జరిగాయి. ఛాతీకి ఆ యంత్రం బిళ్లలు అంటించబోతే పౌడరుకి పట్టలేదు, దాన్నీ తుడిచారు. మాస్కు పెట్టబోతే పెట్టుడు మీసం అడ్డొచ్చింది. జిగురు నా తయారీ, అంత తేలిగ్గా రాదు. నర్సమ్మ ఒక్క పట్టు పట్టి లాగింది. ఆ రోజంతటికీ బావ గట్టిగా అరిచిన అరుపు అదొక్కటే. యంత్రంలోంచి గీతల కాగితం వచ్చింది. ఆవిడ దాన్ని చూసి, మమ్మల్ని చూడకుండా, ఫోనులో డాక్టరుకి నాలుగు మాటలు చెప్పింది. ఒక మాత్ర బావ నోట్లో వేసి మింగొద్దు నమలమంది. డాక్టరు పరుగున వచ్చి కాగితం చూసి, గుండె రక్తనాళం పూడుకుందనీ, వెంటనే తెరవాలనీ అక్కకి చెప్పాడు. నర్సమ్మ మంచం చుట్టూ తెర లాగింది.

"ఇది ఎన్నో అంకం?" అని బావ మాస్కులోంచి అడిగాడు.

"మొదటిది," అంది ఆవిడ.

యజమాని అప్పుడు వచ్చాడు. జనం బల్లలు గుద్దుతున్నారట. గుండెపోటాయనకి గుండెపోటు వచ్చిందని తను తెర ముందుకొచ్చి చెబితే, ఇది ప్రచారం ఎత్తు అని నవ్వుతున్నారట. ఒక్క పావుగంట పంపమని నర్సమ్మని బతిమాలాడు. ఆవిడ తెరలోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి ఆయన అరచేతిలో మీసం పెట్టింది.

*

నాళం తెరిచారు, బావ బతికాడు. మూడో రోజుకి వార్డుకి మార్చారు. బతికినందుకు సంతోషిస్తాడనుకున్నాం. మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

బాధేమిటంటే, తనకి వచ్చిన గుండెపోటు తను చేసే గుండెపోటులాగా లేదు. గుండె పట్టుకోలేదు. తిరగలేదు. ఒక్క గ్లాసు దొర్లలేదు. దవడ నిమురుకుని సోడా తాగాడు, అంతే. వచ్చింది నాసిరకం గుండెపోటేమోనని నర్సమ్మనే అడిగాడు. కాదు, గట్టిదే వచ్చిందని ఆవిడ హామీ ఇచ్చింది. అయినా మనసు కుదుటపడక పక్క మంచాలవాళ్లని వాకబు చెయ్యడం మొదలుపెట్టాడు. లారీ డ్రైవరుకి ఛాతీ మీద బస్తా పెట్టినట్టుండి రెండు మోచేతులూ లాగాయట. లెక్కల మాష్టారికి అజీర్తి అనిపించి ఓ కునుకు తీశాడట. ఇంకొకాయనకి నొప్పే లేదు, మెట్లెక్కుతుంటే ఆయాసం, వాంతి. కిటికీ పక్కనాయన ఒక్కడే అచ్చం మా బావ చేసినట్టే గుండె పట్టుకుని, చెయ్యి చాచి, గుడ్డ లాగి పడ్డాడట. బావ మొహం వెలిగింది. ఆ పడ్డది కిందటేడు, అది గ్యాసని తేల్చి ఇంటికి పంపేశారని, అసలుది ఇప్పుడు వీపులో వచ్చిందని ఆయనే చెప్పాడు. బావ దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

ఇన్నేళ్లూ జనానికి గ్యాసు అమ్మానురా అన్నాడు నాతో, దుప్పటి లోపలి నుంచి.

నర్సమ్మ రక్తపోటు చూడ్డానికి వచ్చినప్పుడు ఇదంతా ఆవిడతో కూడా చెప్పుకున్నాడు. ఆవిడ పట్టీ చుడుతూ, చాలామందికి గుండెల్లోనే వస్తుంది, మీరు చేసేది పూర్తిగా తప్పు కాదు, కాకపోతే అందరికీ ఒకే రకంగా రాదు, షుగరున్నవాళ్లకి మరీ దొంగచాటుగా వస్తుంది అంది. మీరు చేసినట్టు వస్తే మాకు పని సులువు, వినబడుతుంది కదా, వినబడనివే కష్టం అంది. బావ ఆ మాట చాలాసేపు నమిలాడు, ఆ రోజు మాత్ర నమిలినట్టు.

మర్నాడు యజమాని పళ్లతో వచ్చాడు. పళ్ల తర్వాత అసలు సంగతి వచ్చింది. తండ్రి వేషం ఇంకొకడికి ఇచ్చేశాడు. వాడు నాలుగు చుట్లు తిరుగుతున్నాడట. ఇకమీదట పడటాలు, లేవటాలు, అరవటాలు వద్దని డాక్టరే అన్నాడు కాబట్టి, బావకి టిక్కెట్లు చింపే పని చూస్తానన్నాడు. మంచివాడే, మాట తప్పడు. బావ తల ఊపాడు. యజమాని వెళ్లాక పళ్ల వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. అక్క బతిమాలితే పరవాలేదులే అన్నాడు. ఆ మాట వినగానే అక్క ఉలిక్కిపడి లేచి నర్సమ్మ దగ్గరికి పరిగెత్తింది.

నర్సమ్మ వచ్చి నాడి చూసింది, వేలికి క్లిప్పు పెట్టింది, పటం తీయించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. క్లిప్పు తీసేస్తూ మంచం అంచున కూర్చుంది. ఆవిడ కూర్చోగా మేము చూడటం అదే మొదలు. ఎక్కడ నొప్పి అని అడిగింది. బావ చూపించలేకపోయాడు. ఎంతుందని అడిగింది. దీనికి మీ లెక్కలో అంకెలు చాలవు అన్నాడు. ఆవిడ ఏదో ఆలోచిస్తూ వెళ్లిపోయింది.

ఇంటికి పంపే రోజు పొద్దున మా అక్క బట్టలు సర్దుతోంది. నర్సమ్మ ఆరుగురు కొత్త పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. నర్సు చదువుకి అప్పుడే చేరినవాళ్లు, ఇస్త్రీ మడత ఇంకా పోని బట్టల్లో ఉన్నారు.

"బాబాయిగారూ, ఒక ఆట ఉంది. చేస్తారా?"

"నా వేషం పోయిందమ్మా."

"ఆ వేషం కాదు. ఆ రోజు అద్దం ముందు మీరెలా కూర్చున్నారో అది. తిరగొద్దు, పడొద్దు, అరవొద్దు. వీళ్లకి చెప్పి చెప్పి నా గొంతు పోతోంది. మీరు చూపించండి."

బావ లేచి మంచం అంచున కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చున్నాడు. నేను అలవాటు కొద్దీ పెట్టె తెరవబోయాను. నర్సమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. మూసేశాను.

మొదట ఏమీ జరగలేదు. ఆయన ఊరికే కూర్చున్నాడు. ఎదురుగా అద్దం ఉన్నట్టు చూశాడు. దవడ ఒకసారి నిమిరాడు. చిన్నగా త్రేన్చాడు. ఆరుగురు పిల్లలూ కిసుక్కుమన్నారు. ఆయన వాళ్లని కసరలేదు. కాలరు వదులు చేసుకున్నాడు, అది వదులుగానే ఉంది. నా వైపు చెయ్యి చాచి, సోడా ఉందేమో చూడరా అన్నాడు, ఏదో చిన్న విషయం అన్నట్టు. పిల్లల నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు. ఆయన చిటికెన వేలు చూసుకున్నాడు, అది తనది కానట్టు. అక్క చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. ఆయన అక్కవైపు తిరిగి, ఏదో అనబోయి, మానేసి, పరవాలేదు అన్నాడు.

లారీ డ్రైవరు దుప్పటి కప్పుకోవడం మర్చిపోయాడు. లెక్కల మాష్టారు తన ఛాతీ తనే తడుముకున్నాడు. కిటికీ పక్కనాయన గబగబా గంట నొక్కేశాడు.

ఆరుగురిలో ఒక పిల్ల, ఎవరూ చెప్పకుండానే, ముందుకొచ్చి బావ మణికట్టు పట్టుకుంది. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. తర్వాత ఆయన గోళ్లు చూసింది. నర్సమ్మ ఆ పిల్లనే చూస్తోంది. ఆట చూడలేదు.

"బాగానే ఉంది మేడం," అంది ఆ పిల్ల, కళ్లు చెమ్మగిల్లి. "బాగానే ఉన్నారు."

చప్పట్లు లేవు. బావ కళ్లెత్తి నర్సమ్మని చూశాడు, ఎలా ఉందన్నట్టు. జవాబు మాత్రం మా అక్క ఇచ్చింది. చొక్కా మడత పెట్టి సంచీలో కుక్కుతూ, మొహం అటు తిప్పుకుని అంది.

"ఇన్నేళ్లకి సరిగ్గా చేశారు."

కొత్త జట్టు వచ్చినప్పుడల్లా రమ్మంది నర్సమ్మ. ఎన్ని వరసలుంటాయని బావ అడిగాడు. ఒక్కటే, అదీ నిలబడే ఉంటుంది అని ఆవిడ చెప్పింది. వస్తానన్నాడు. ఇప్పటికీ వెళ్తున్నాడు. ఆ ఆటకి మాత్రం ఆయన నన్ను రంగు ముట్టనివ్వడు.

ఇందులో నేను అబద్ధమేమైనా కలిపానా అని మీరు అడుగుతారని తెలుసు. మీసం నిజం, ఎనిమిది నిజం, గంట నొక్కినాయన నిజం. ఈగలు కూడా నిజమే, కాకపోతే ఆ పుండుకి నేను బెల్లప్పాకం పూశాను. కల్పించింది ఒక్కటే. ఇలాంటి రంగు నా సర్వీసులో చూడలేదని నర్సమ్మ నన్ను మెచ్చుకుందని చెప్పాను చూశారూ, అది. దూది నల్లబడుతుంటే ఆవిడ నిజంగా అన్నది వేరు.

"ఈ మనిషికి సున్నం కొట్టిందెవరు?" అంది.